మాట మీద అమ్మిన కార్లు

షోరూంలో అందరూ ఆమెను రుమాలక్క అంటారు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు, పోనుపోను అదే పేరైపోయింది. డీజిలు కారు కొనడానికి వచ్చినవాళ్ళు పొగ గురించి అడిగితే ఆమె మాటలతో సరిపెట్టేది కాదు. ఇంజను స్టార్ట్ చేయించి, ఇంట్లో తనే ఉతికి ఇస్త్రీ చేసుకొచ్చిన తెల్ల రుమాలు పొగ గొట్టానికి అడ్డంగా పట్టేది. కాసేపాగి విప్పి చూపించేది. ఎక్కడా మచ్చ ఉండేది కాదు.

"చంటిపిల్ల మూతి తుడవొచ్చు దీంతో," అనేది.

నమ్మే అనేది. ఆమె లోకంలో మురికి అంటే కంటికి కనిపించేదే. నేల మీదైనా, గిన్నె మీదైనా, చొక్కా కాలరు మీదైనా, కనిపించకపోతే లేనట్టే. కంపెనీ కూడా కనిపించే మసినే వడగట్టింది. గుడ్డకు అంటని విషవాయువును మాత్రం రోడ్డు మీదికి యథేచ్ఛగా వదిలేసింది.

ఆ సంగతి కిందటేడు బయటపడింది. తనను పరీక్షిస్తున్నారని కారు పసిగట్టేలా లోపల ఒక ఏర్పాటు పెట్టారట. పరీక్ష జరిగినంతసేపూ బుద్ధిగా శుభ్రమైన గాలి వదులుతుంది. పరీక్ష గది దాటి రోడ్డెక్కగానే తన అసలు బుద్ధి చూపిస్తుంది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రమే పాఠం చెప్పే మాస్టారి తంతు. టీవీలో ఆ వార్త విన్నప్పుడు రుమాలక్క గిన్నెలు తోముతోంది. చేతుల మీది సబ్బు ఆరిపోయేదాకా సింకు దగ్గరే నిలబడిపోయింది.

ఇప్పుడు నష్టపరిహారం వచ్చింది. మేనేజరు ఆమెను తన అద్దాల గదిలోకి పిలిచాడు. ఆమె తమ్ముడి ఈడువాడు.

"కూర్చో అక్కా," అన్నాడు. ఆ పిలుపుతోనే ఏదో పని పడిందని ఆమెకు అర్థమైంది. "ఓనర్లందరికీ కంపెనీ డబ్బిస్తోంది. సంతకం పెడితే చాలు, బ్యాంకులో పడిపోతుంది. అయినా ఏ ఒకరిద్దరో తప్ప రావట్లేదు. ఫోన్ చేస్తే తిడుతున్నారు."

"తిట్టరా మరి?"

"తిట్టనీ. సంతకం పెట్టి తిట్టమను." తన మాటకు తనే నవ్వుకున్నాడు. "ఒక్కటే షరతు. సంతకం పెట్టాక ఇక కోర్టుకెళ్ళకూడదు, ఆ కారు విషయంలో ఇంకేమీ అడగకూడదు. అందుకే జంకుతున్నారు. నువ్వు చెబితే వింటారక్కా. ఇక్కడ అమ్మిన వాటిలో సగం కార్లు నీ మాట మీద పోయినవేగా."

"అప్పుడు నాకు తెలియక చెప్పాను."

"ఇప్పుడు తెలిసే చెప్పు. ఊరికే వచ్చే డబ్బు తీసుకోమనడానికి ఏమైంది?" గొంతు తగ్గించాడు. "పైనుంచి మనుషుల్ని తగ్గించమని ఒకటే పోరు. నీ పేరు నేనే ఆపి ఉంచాను. సంతకాలు తెస్తే గట్టిగా మాట్లాడ్డానికి నాకూ ఒక ఆధారం ఉంటుంది."

సాయంత్రం ఆమె ఈ సంగతి భర్తకు చెప్పింది. ఆయన కళ్ళజోళ్ళ కొట్లో పని చేస్తాడు. ఇల్లు గడవడానికి ఇద్దరి జీతాలూ కావాలి.

"మా అక్కతో మొదలుపెట్టు," అన్నాడాయన. "ఆవిడ చేత పెట్టించావంటే మిగతావాళ్ళు ఒక లెక్కా?"

"మీ అక్కే కదా. మీరే వెళ్ళి పెట్టించండి."

"నాకింకా బతకాలని ఉందే."

ఆడపడుచుది కుట్టు కొట్టు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టించి, మూటలు కట్టి, కార్లో వేసుకుని బళ్ళకు చేరవేస్తుంది. ముందుగది నిండా నీలం గుడ్డ తానులు, మిషన్ల చప్పుడు. వెనక గుమ్మం దాటితే కారు షెడ్డు. ఆ గుమ్మంలో, వెలుతురు బాగుంటుందని, బొత్తాలూ కాజాలూ కుట్టే ఆవిడ ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటుంది. ఆడపడుచుకు నోట్లో గుండుసూదులున్నా మాట మాత్రం ఆగదు.

"రామ్మా మరదలా, రా. ఈసారి ఏం అమ్మడానికొచ్చావు? విమానమా?"

"వదినా, ముందు నా మాట విను."

"నీ మాట వినే కదా ఆ షెడ్డులో దాన్ని పెట్టుకున్నాను. అమ్ముదామంటే ఒక్కడూ ముట్టుకోవట్లేదు. మీ అన్నయ్యేమో, పోనీ కోళ్ళు పెంచుకుందాం అందులో అంటున్నాడు."

కాజాలావిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. చేతిలోని చొక్కా ఒళ్ళో పడేసి, గుమ్మం పట్టుకుని, మెడ ముందుకు చాచి గాలి కోసం తన్నుకులాడింది. ఆడపడుచు నోట్లో సూదులు గబగబా తీసి బల్ల మీద పోసి, ఆవిడ సంచీలోంచి మందు పీల్చే గొట్టం తీసిచ్చింది. అలవాటైన పనిలా చేసింది.

"ఎప్పట్నించి వదినా ఇది?" అంది రుమాలక్క.

"ఆయాసం ఇదివరకూ కాస్త ఉండేది. ఈ మధ్య ముదిరింది." ఆడపడుచు ఆవిడ వీపు రాస్తూ చెప్పింది. "పాత వ్యాను ఉన్నప్పుడు వీధిలోకి తోసుకెళ్ళి, అక్కడ స్టార్ట్ చేసేవాళ్ళం. నల్లటి పొగ గుప్పున వచ్చేది, చూసి భయపడేవాళ్ళం. దీనికి ఆ బాధ లేదన్నావుగా. మూటలు ఎక్కించేలోపు ఏసీతో కారు లోపల చల్లబడుతుందని రోజూ పొద్దున్నే షెడ్డులోనే ఇంజను వేసి ఉంచేదాన్ని. ఈవిడ ఈ గుమ్మంలోంచే మూటలు అందించేది."

"డాక్టరేమన్నాడు?"

"దేనివల్ల ముదిరిందో తను రాసివ్వలేనన్నాడు. పొగకు దూరంగా ఉండమన్నాడు. ఏ పొగకి? పొగే లేదుగా మన కారుకి!"

"ఊరుకోండమ్మా," అంది కాజాలావిడ ఊపిరి కూడదీసుకుంటూ. "ఆమెకు మాత్రం ఏం తెలుసు, పాపం."

వదిన తిట్లన్నిటికీ సిద్ధపడి వచ్చిన మనిషికి ఆ 'పాపం' తట్టుకోవడం కష్టమైంది. సంచీలోంచి కాగితం తీసి, షరతు దాచకుండా చెప్పేసింది. ఆడపడుచు కాగితం తిప్పి కూడా చూడలేదు. చెవి వెనక దోపుకున్న పెన్ను తీసింది.

"ఎక్కడ పెట్టాలి?"

"చదవవా?"

"నువ్వు చదివావుగా. నువ్వు పెట్టమంటే పెడతాను, వద్దంటే మానేస్తాను. కారు కొన్నప్పుడు మాత్రం చదివి కొన్నానా ఏమిటి?"

రుమాలక్క చప్పున కాగితం వెనక్కి లాక్కుంది. "ఉండు వదినా. ఈవిడకి ఏమిస్తారో కనుక్కుని వస్తాను."

"నాకా?" కాజాలావిడ నోరు తెరిచింది. "నాకు కారెక్కడిదమ్మా, నేను వచ్చేది బస్సులోనైతే!"

షోరూంకు తిరిగి వచ్చేసరికి మేనేజరు ఎదురొచ్చాడు. "ఏమైందక్కా, బోణీ అయ్యిందా?"

"ఒక మాట చెప్పండి సార్. మా వదిన కొట్లో పని చేసే ఆవిడకి ఊపిరాడట్లేదు. మన కారు పక్కనే కూర్చుని రోజూ ఆ గాలే పీల్చింది. ఆవిడకేమిస్తారు?"

"కారు ఆవిడ పేరు మీదుందా?"

"లేదు."

"మరి ఏ లెక్కన ఇస్తారు?" చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "కారు ధర పడిపోయింది చూడక్కా, దానికిచ్చే డబ్బు ఇది. గాలికి కాదు. పీల్చినవాళ్ళకల్లా ఇవ్వాలంటే రోడ్డున పోయే ప్రతివాడికీ ఇవ్వాలి."

"ఇవ్వాలి మరి."

హాస్యమాడుతోందనుకుని అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడంతో అతని నవ్వు సగంలో ఆగింది.

"పోనీ, మా వదిన సంతకం పెట్టి డబ్బు తీసుకుని, తర్వాత ఈవిడ కోసం కంపెనీని నిలదీస్తే?"

"కుదరదు. చెప్పానుగా, ఆ కారు విషయంలో మళ్ళీ నోరెత్తకూడదు."

"అంటే ఇది నోటికి కట్టే వెల. పరీక్షలో దొరక్కుండా ఉండడానికి ఎంత బుర్ర వాడారు సార్! ఏ చక్రం ఎప్పుడు తిరుగుతోందో, ఎవరు చూస్తున్నారో కారుకే తెలిసేలా చేశారు. అందులో నాలుగో వంతు బుర్ర పెడితే ఆ గాలి నిజంగానే బాగుపడేది కాదూ? దొరికాక కూడా సిగ్గులేదు. బడి గేటు దగ్గర నిలబడ్డ పిల్లలు, బస్టాపులో ఉన్నవాళ్ళు, ఆ గుమ్మంలో కూర్చున్న మనిషి, వీళ్ళెవరూ లెక్కలోకి రారు. ఇనుముకి నష్టం జరిగింది, ఊపిరితిత్తులకు జరగలేదు! అదేగా మీరనేది?"

కొత్త కారు చుట్టూ తిరుగుతున్న దంపతులు ఇటు తల తిప్పారు.

"మెల్లగా మాట్లాడండి మేడమ్. ఆ ఏర్పాటు నేను పెట్టానా? నాకూ మీలాగే టీవీలోనే తెలిసింది. నాకూ సంసారం ఉంది, అప్పులున్నాయి."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ మిమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు అన్నీ తెలిసి కూడా నన్ను పంపుతున్నారే, అందుకు అంటున్నాను."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ తీసింది. గుర్తున్న మొదటి నంబరు డ్రాయింగు మాస్టారిది. కారు కొన్నాయన. ఈ గొడవ బయటపడ్డాక షోరూం గుమ్మంలో నిలబడి అందరికన్నా గట్టిగా అరిచి వెళ్ళినాయన కూడా.

"మాస్టారూ, మీకు డీజిలు కారు అమ్మినావిడని. ఆ సంతకం గురించి. నా మాట మీద పెట్టొద్దని చెప్పడానికి చేశాను."

"నీ మాట మీద ఒకసారి మునిగాను చాలదూ?" ఆయన గొంతు పక్క బల్లలదాకా వినిపించింది. "ఈ తెలివి అమ్మేటప్పుడు ఏమైంది?"

"అప్పుడు లేదండి."

"లేదంటే సరిపోయిందా?"

"సరిపోదండి. అందుకే చెబుతున్నాను. ఆ డబ్బు తీసుకుంటే మళ్ళీ ఏదీ అడగనివ్వరు. ఆ కారు పక్కన రోజూ మీ ఇంట్లో ఎవరుండేవాళ్ళో ఒక్కసారి తలుచుకోండి. లాయరును అడిగి, తర్వాత మీ ఇష్టం."

"గ్యారేజి మీది గది మా అమ్మది," అన్నాడాయన. గొంతులో అరుపు లేదు.

మేనేజరు వచ్చి ఫోన్ తీగ గోడలోంచి లాగేశాడు. "ఇంటికెళ్ళండి మేడమ్. మళ్ళీ నేను పిలిచేదాకా రాకండి." పిలవడని ఇద్దరికీ తెలుసు. ఆమె సొరుగులోంచి గొడుగూ, దువ్వెనా తీసుకుని బయటికి వచ్చింది.

బస్టాపు బెంచీ మీద కూర్చుని తన సెల్లులోంచి ముందు భర్తకు సంగతి చెప్పి, తర్వాత కార్లు కొన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ చేసింది. ఒకాయన ఫోన్ మొహం మీదే పెట్టేశాడు. ఒకావిడ, మేం ఎప్పుడో పెట్టేశాం, మాకెందుకీ గోల అంది. మందుల కొట్టాయన మాత్రం అంతా విని, "అయితే ఇప్పుడేం చెయ్యమంటావమ్మా? ఒక్కడినీ అంత కంపెనీతో ఎక్కడ పోట్లాడను?" అన్నాడు.

"అందరం ఒకచోట కూర్చుందామండి. కార్లున్నవాళ్ళూ, లేనివాళ్ళూ. ఆదివారం మా వదిన కొట్లో."

ఆ మాట నోటి నుంచి వచ్చాకే వదినకు చెప్పలేదన్న సంగతి గుర్తొచ్చింది. వెంటనే ఆవిడకు చేసింది.

"వదినా, నా ఉద్యోగం పోయింది."

"విన్నాను. మీ ఆయన చేశాడు. నా మాట విని నువ్వు చెడిపోయావంటున్నాడు. నేనేం చెప్పానని?"

"ఆదివారం నీ కొట్లో కుర్చీలు వెయ్యాలి. కార్లు కొన్నవాళ్ళు వస్తారు. ఎంతమంది వస్తారో తెలీదు."

మిషన్ల చప్పుడు ఆగింది. "దేనికొస్తారు? కంపెనీని తిట్టడానికా, నిన్ను తిట్టడానికా?"

"ముందు నన్నే తిడతారు."

"అలా అయితే ముందు వరసలో ఒక కుర్చీ నాకుంచు," అంది ఆడపడుచు. "కాజాలావిడని కూడా నా పక్కనే కూర్చోబెడతాను. ఈసారి ఆవిడేం మాట్లాడుతుందో వాళ్ళందరూ వినాలి."