రెండో గొంతు

“పల్లవి మధ్యలో కుక్కర్ కూసింది. రికార్డింగ్‌లోంచి అది తీసెయ్యి. నేను పాడేటప్పుడైనా కాస్త చూసుకుని స్టవ్ వెలిగించొచ్చు కదా,” అన్నాడు భర్త, గిటారు మంచం మీద పెట్టి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆమె సరేనంది. ఆఫీసుకు బయల్దేరేలోపే ఆయన పాడాలి, ఆ లోపే ఆయన డబ్బా కూడా సిద్ధం కావాలి. కుక్కర్ మాత్రం ఏం చేస్తుంది? డబ్బాలో అన్నం ఉండాలి గానీ, అన్నం ఉడికిన చప్పుడు పాటలో ఉండకూడదు.

మధ్యాహ్నం, కూతురు బడిలో, అత్తగారు కునుకులో ఉండగా ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ముందుగా కుక్కర్ కూత తీసింది. తర్వాత పంపు నీళ్ళు, గరిటె చప్పుడు, వరండాలో చెప్పుల చప్పుడు. తను ఆ పొద్దున చేసిన పనినంతా వెతికి వెతికి తనే తుడిచేసింది. ఇక మిగిలింది ఆయన గొంతు. ముక్కుతో పలికినట్టుండే ఆ చోటును ఈక్వలైజర్‌లో కిందికి దించింది. పీలగా ఉన్న అడుగు స్వరానికి కొంచెం ఒళ్ళు పట్టించింది. ‘స’ వచ్చినప్పుడల్లా బుస్సుమంటుంటే దాన్ని అణిచింది. గిటారు మొద్దు మోత గొంతు మీదికెక్కి కూర్చుంటే, కిక్కిరిసిన బస్సులో జరిగి చోటిచ్చినట్టు దాన్ని పక్కకు జరిపింది. శ్రుతి జారిన చోటల్లా పైకి లాగింది. ఇంత చేసినా చరణం కుంటుతూనే ఉంది. అందరికీ తెలిసిన పాత పాట, అక్కడ ఎత్తుకోవాల్సిన చోట ఆయనకు ఊపిరి చాలలేదు. ఆమె మైకు ముందు నిలబడి, ఆయన గొంతు వెనక తన గొంతు కలిపింది. పాట లేచి నిలబడింది.

ఈ పని ఆమెకు ఎవరూ సరదాకి నేర్పలేదు. పెళ్ళికి ముందు నుంచీ డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుగా కొలువు చేసింది. అక్కడికొచ్చినవాళ్ళు ఇంజనీరు కుర్చీలో కూర్చున్న ఆమెనే “ఇంజనీరు గారు ఎప్పుడొస్తారమ్మా?” అని అడిగి, ఆ నోటితోనే కాఫీ కూడా అడిగేవాళ్ళు. పాప పుట్టాక, “అదేదో ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చుగా,” అన్నాడు భర్త. ఇంటికి రాగానే అది పని కాకుండా పోయింది. “పొద్దస్తమానం చెవులకు ఆ డిప్పలు తగిలించుకుంటే, పిలిచినా పలకదు,” అంటారు అత్తగారు, వచ్చినవాళ్ళతో, ఆమె వింటుండగానే.

ఆదివారం భోజనానికి ఆడపడుచూ ఆవిడ భర్తా వచ్చారు. తిన్నాక ఈమె భర్త స్పీకర్లో పాట పెట్టాడు. ఆడపడుచు కళ్ళు మూసుకుని విన్నది.

“ఒరేయ్, చరణంలో నీ వెనక ఆడగొంతు ఒకటి వస్తుందే, ఎవరిదిరా? ప్రాణమంతా అక్కడే ఉంది.”

నీళ్ళ జగ్గు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఆమె పెదవుల మీదికి నవ్వు రాబోయింది. ఆయన ఇటు తిరగను కూడా లేదు.

“ఎవరూ కాదక్కా. సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. బటన్ నొక్కితే అదే పాడుతుంది.”

“ఏం రోజులొచ్చాయయ్యా, ఇక మనుషులతో పనే లేదు,” అన్నాడు ఆడపడుచు భర్త. అందరూ నవ్వారు.

“అలా నిలబడిపోయావేం, నీళ్ళు పొయ్యి,” అన్నారు అత్తగారు.

పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. వంటింట్లోకి వచ్చి గిన్నె తోమింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. సోకు ఎప్పుడో ఆయనకు వదిలేసింది, దానికి బాధ లేదు. సొమ్ము కూడా ఎవరిదీ కాదన్నాడే, ఆ గొంతు వెనక మనిషే లేదన్నాడే! కక్కుర్తిపడి ‘నేనే పాడాను’ అన్నా ఇంత మండేది కాదు. దొంగిలించడానికైనా ఒక మనిషి దగ్గర్నుంచి దొంగిలించాలి కదా.

చుట్టాలు వెళ్ళాక అడిగింది. “బటన్ అన్నారేం?”

“అబ్బా, ఇప్పుడు అదంతా వాళ్ళకెందుకు? పెళ్ళాం తోడు లేకపోతే పాడలేడనుకోరూ? చిన్నదానికి రాద్ధాంతం చెయ్యకు.” అంతటితో ఆగినా బాగుండేది. “వచ్చే వారం ఆఫీసు వార్షికోత్సవంలో ఈ పాటే వేస్తారు. ఆ రెండో గొంతు ఇంకాస్త పెంచు. అక్కకు నచ్చిందిగా.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహంలో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. అదే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది.

మర్నాడు మధ్యాహ్నం పాట మళ్ళీ తెరిచింది. తన గొంతు ట్రాకు తీసి వేరే చోట భద్రం చేసుకుంది. తర్వాత ఆయన గొంతు మీద తను చేసిన మార్పులు ఒక్కొక్కటీ విప్పేసింది. అడుగు స్వరానికి పట్టించిన ఒళ్ళు పోయింది. అణిచిన బుసలు లేచాయి. లాగిన శ్రుతి జారి తన చోటికి తను వెళ్ళిపోయింది. పాపం చేస్తున్నట్టు అనిపిస్తుందేమోనని కాసేపు ఆగి చూసుకుంది. అనిపించలేదు. ఏదీ చెడగొట్టలేదు. తన చెయ్యి తీసేసింది, అంతే.

సాయంత్రం ఆయన వచ్చి విన్నాడు. చరణం దాటకముందే హెడ్‌ఫోన్లు తీసేశాడు.

“తప్పు ఫైలు పెట్టావు. ఇది నా గొంతులా లేదు.”

“మీ గొంతేనండి. మీరు పాడింది పాడినట్టుంది.”

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. “కక్ష కట్టావా నా మీద? నలుగురిలో నేనేం వినిపించాలి?”

“ఇదే వినిపించండి. లేదా, మిక్సింగ్ ఎవరు చేశారో, రెండో గొంతు ఎవరిదో నా పేరు చెప్పి వేయించండి. పాత ఫైలు నా దగ్గరుంది.”

“పేరు చెబితే వాళ్ళు ఏమనుకుంటారు?”

“పాడింది నేనని అనుకుంటారు.”

ఆయన తల్లి ఉన్న గదివైపు చూశాడు. అటునుంచి సాయమేమీ రాలేదు. ఆమె కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్ళింది. ఆయన ఎత్తుకు బిగించి ఉన్న మైకు స్టాండు మర వదులు చేసి, తన నోటి ఎత్తుకు దించుకుని, మళ్ళీ గట్టిగా బిగించింది.