ముచాదురాను ఎవరు పిలవాలి

ఆ కుక్క పడుకోదు. తాడు ఎంత పొడుగుంటే అంత దూరం నడుస్తుంది, తిరిగి వస్తుంది, మళ్ళీ నడుస్తుంది. దాని కాళ్ళ కింద గడ్డి చచ్చిపోయి నేల నున్నబడింది. దాన్ని చూస్తే మనిషికి కూడా కాలు నిలవదు. నేను దాని గిన్నెలో మొక్కజొన్న పిండి సద్జా ముద్ద పెట్టి, అది తినేలోపే లేచి ఇంకో పని వెతుక్కునేవాణ్ణి.

ముతారే ఊరి చివర, కొండ కింద ఉంది మా కుక్కల షెడ్డు. లారీ కింద పడి కాలు విరిగినవి, సంచిలో కట్టి పారేసిన కుక్కపిల్లలు, అన్నీ అక్కడికే వస్తాయి. సెకాయి అనే నర్సమ్మ వాటికి మందులు వేస్తుంది. నేను తిండి పెడతాను, ఇళ్ళు వెతుకుతాను, ఇచ్చాక సైకిలు మీద వెళ్ళి ఎలా ఉన్నాయో చూసి వస్తాను.

ఈ కుక్క బుహేరా వైపు పల్లెది. దాన్ని పెంచినవాడు ఎప్పుడూ నస్యం పీల్చే ఒక ముసలాయన. పొలం గట్టు దగ్గర తమ్ముళ్ళతో ఆయనకు మాటలు పోయాయి. మా వైపు ఎదురుగా అనలేని మాటను కుక్కకు పేరుగా పెడతారు. సాయంత్రం వాకిట్లో నిలబడి ఆ పేరు గట్టిగా పిలుస్తారు. వినవలసినవాళ్ళు వింటారు. కుక్కను పిలుచుకున్నానంటే ఎవరు మాత్రం కాదంటారు? ఆయన దీనికి ముచాదురా అని పెట్టాడు. చేసిన తప్పు ఎప్పటికైనా మీరే కక్కుతారు అని దాని అర్థం. ముసలాయన పోయాడు. తమ్ముళ్ళు పొలం తీసుకుని కుక్కను తరిమేశారు.

మేము దాన్ని ముందు ఒక పంతులుగారి ఇంటికి ఇచ్చాం. చుట్టపు చూపుగా వచ్చిన అత్తగారు అది తననే అంటున్నారని పెట్టె సర్దుకుంది. కుక్క తిరిగి వచ్చింది. తర్వాత ఒక చర్చి పెద్దకు ఇచ్చాం. ప్రార్థనకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. మళ్ళీ తిరిగి వచ్చింది. పేరు మార్చి చూశాం. బ్రూనో అన్నాం, సింబా అన్నాం. తల కూడా తిప్పలేదు. అసలు పేరు పెట్టి పిలిస్తే చెవులు నిక్కించి, పిలిచిన మనిషి ముఖంలోకి చూసి, ఈ మనిషి కాదనుకుని మళ్ళీ నడక మొదలుపెట్టేది.

"గూళ్ళు నిండిపోయాయి తాతా," అంది నర్సమ్మ. "ఇంకోసారి తిరిగొస్తే ప్రాణం తీసే సూదే. నా ముఖం అలా చూడకు."

నేను చూడలేదు. కుక్కనే చూస్తున్నాను.

సకూబ్వా వాడ నుంచి ఒకామె వచ్చింది. తపీవా వాళ్ళమ్మ. ఇంటి వెనక ఆకుకూరలు వేసుకుని సంతలో అమ్ముతుంది. కుక్కల మధ్య నడుస్తూ ఒక్కొక్కదాని పేరూ అడిగింది.

"దీని పేరేంటి?"

"బాబీ."

"దీనిది?"

"టైగర్."

"ఆ తిరిగేదానిది?"

చెప్పాను. ఆమె చేతిలో సంచి కింద పెట్టింది.

"మళ్ళీ చెప్పు తాతా."

మళ్ళీ చెప్పాను.

"కరుస్తుందా?"

"లేదు."

"మొరుగుతుందా?"

"అంతగా లేదు."

"పర్లేదులే. నేను పిలుస్తాగా."

ఆమెకు ఎవరితో పేచీనో నేను అడగలేదు. అడిగి తెలుసుకుంటే ఇక ఇవ్వకూడదు. తాడు ఆమె చేతిలో పెట్టాను.

ఆ వారమంతా నాకు కూర్చోబుద్ధి కాలేదు. గేటు కిర్రుమంటే చాలు, అదే వచ్చిందనుకునేవాణ్ణి. చివరికి సన్నటి జల్లు పడుతుండగానే సైకిలు తీశాను.

ఆమె గేటు దగ్గర, తలుపు తట్టినట్టుగా, చప్పట్లు కొట్టి నిలబడ్డాను. "బాగా లేచారా?" అన్నాను.

"మీరు బాగా లేస్తే మేమూ లేచినట్టే తాతా," అంది తపీవా వాళ్ళమ్మ. "లేచి ఏం లాభం?"

కుక్క పక్కింటి కంచె వెంట పైకీ కిందికీ నడుస్తోంది. అక్కడ కూడా గడ్డి పోయింది. కంచెకు ఆవల ఒక ముసలావిడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ పేరు ఎస్నాత్.

"వచ్చావా పెద్దాయనా," అంది ఎస్నాత్. "కుక్కలకు తిట్లు నేర్పే బడి నీదేనా?"

"నా కుక్కను నేను పిలుచుకున్నానవ్వా," అంది తపీవా వాళ్ళమ్మ. "నీ పేరూ అదేనని నాకేం తెలుసు?"

"నీ కోళ్ళు పోతే పోయి ముంగిసనడుగు. గూటికి గడియ పెట్టడం చేతకాదు గానీ."

"విన్నావా తాతా? కోళ్ళ మాట నేనెత్తానా? ఆవిడే ఎత్తింది."

అంతకుముందు రోజు వార్డు పెద్ద వచ్చాడట. కుక్క ఉంటే వాడలో తల పగిలేదాకా పోతుంది, పంపించెయ్యమన్నాడట. తపీవా వాళ్ళమ్మ తాడు విప్పి నా చేతికి ఇచ్చింది.

"తీసుకుపో. పిలిస్తే వస్తుంది, ముఖం చూస్తుంది, పోతుంది. నా దగ్గర ఏం పోగొట్టుకుందో దానికే తెలియాలి."

సందులోకి వచ్చాను. కుక్క సైకిలు చుట్టూ తిరిగి తిరిగి తాడును చక్రంలో చిక్కేసింది. వంగి తీస్తుంటే ఎస్నాత్ తన గేటు దగ్గరికి వచ్చింది.

"ఎక్కడికి?"

"షెడ్డుకు."

"ఆ తర్వాత?"

నేను చిక్కు తీస్తూనే ఉన్నాను.

"నిన్నే అడుగుతున్నా. నోట్లో సద్జా ఉందా?"

"సూది," అన్నాను.

ఆవిడ కొంగు ముడిలోంచి నస్యం డబ్బా తీసి, చిటికెడు పీల్చింది.

"పేరు మోయడం తప్ప అది చేసిన పాపం ఏంటి?"

"ఏమీ లేదు."

ఆవిడ వంగి, "ముచాదురా," అంది. మెల్లగానే అంది. ముసలి గొంతు, నస్యానికి బొంగురుపోయిన గొంతు. కుక్క ఆగింది. ముఖంలోకి చూసింది. దగ్గరికి వచ్చి నస్యం అంటిన ఆ వేళ్ళను వాసన చూసింది. మళ్ళీ చూసింది. కూర్చుంది. దాన్ని కూర్చోగా చూడడం నాకు అదే మొదలు.

"ఇది నా ఇంట్లో ఉంటే," అంది ఎస్నాత్, "దీన్ని పిలిచేదెవరు?"

"నువ్వే."

"ఎటు తిరిగి పిలవాలి?"

"నీ ఇష్టం."

ఆవిడ తపీవా వాళ్ళ ఇంటి వైపు చూసి, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. "తాడు ఇలా తే."

వార్డు పెద్ద ఏమంటాడు, నర్సమ్మ ఏమంటుంది అని అనుకున్నాను. అనుకుంటూనే ఇచ్చేశాను. ఇచ్చాక కూడా పోలేదు. సైకిలు చైను ఊడిందన్నట్టు సందులోనే ఉండిపోయాను. పొద్దు వాలాక ఎస్నాత్ గిన్నెలో సద్జా, ఎండు చేపలు వేసి, కంచె దగ్గరికి వచ్చి, అటు తిరిగి గొంతెత్తి పిలిచింది. తపీవా వాళ్ళ వంటింట్లో మూత ఏదో కింద పడింది.

"ఇల్లు దొరికింది," అని షెడ్డుకు తిరిగొచ్చి నర్సమ్మకు చెప్పాను.

"అదే ఇల్లా?"

"పక్కిల్లు."

ఆమె మందుల పనిలో పడిపోయింది. నాకు మాత్రం మళ్ళీ కాలు నిలవలేదు. కడిగిన గూళ్ళనే మళ్ళీ కడిగాను. గేటు వైపు చూశాను. ఎస్నాత్‌కు ఆ సరదా తీరిపోతే? తాడు పట్టుకుని ఆవిడే వస్తే?

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర చప్పట్లు వినిపించాయి. చేతిలో బకెట్టు కింద పెట్టేశాను. వచ్చింది తపీవా వాళ్ళమ్మ. వెంట కుక్క లేదు.

"దానికేమైంది?" అన్నాను.

"ఏమవుతుంది? రాణిలా ఆవిడ గుమ్మంలో పడుకుంటోంది. ఆవిడ పిలిస్తే గానీ లేవదు. ఆవిడేమో పిలవడం మానదు." ఆమె నన్ను దాటుకుని కుక్కపిల్లల గూడు దగ్గరికి నడిచింది. "వార్డు పెద్ద దగ్గరికి పోయా. నువ్వు పిలిచినప్పుడు కుక్క పేరే కదమ్మా, ఇప్పుడు తిట్టెలా అయింది అన్నాడు."

నేను గూడు గడియ వైపు తిరిగాను.

"నవ్వకు తాతా."

"నవ్వలేదు."

"ఇంకా పేరు పెట్టని పిల్ల ఉందా?"

గూడు తెరిచాను. ఆమె ఒక నల్లపిల్లను ఎత్తి, చెవులు చూసి, పొట్ట నిమిరి, పైగుడ్డలో చంటిపిల్లలా కట్టుకుంది.

"ఏం పేరు పెడతావు?" అన్నాను.

"సకూబ్వా దూరమేగా. దారిలో ఆలోచించుకుంటా."

ఆమె వెళ్ళిపోయింది. వారం పోయాక వెళ్ళి చూసి రావాలి, ఈసారి కంచెకు రెండు వైపులా. నూనె సీసా తెచ్చి సైకిలు పక్కన నిలబడి చైనుకు నూనె వేయడం మొదలుపెట్టాను.