నీలి చుక్క పందెం

లేత నీలం.

ఫ్లాస్కు మూతి నుంచి పొగలు కక్కుతూ జారే ద్రవ ఆక్సిజన్... లాడం ఆకారపు అయస్కాంతం రెండు కొనల మధ్య చిక్కుకుని, కింద పడనంటూ వేలాడే ఒక్క చుక్క.

ఆ రంగు చూస్తే చాలు, లెక్చరరమ్మకు పిడుగు గుర్తొస్తుంది.

పిడుగంటే స్నేహితురాలు. హాస్టల్లో పక్క గది. నోరు విప్పితే మిన్ను విరిగి మీద పడాల్సిందే.

చదువుకునే రోజుల్లో, ఇదే ల్యాబులో, ఇద్దరూ కాగితం మీద ఆక్సిజన్‌ను గీశారు. చుక్క పక్కన చుక్క. ఎలక్ట్రాన్లన్నీ జంటలే. జంటలైతే అయస్కాంతానికి అంటుకోవు.

"పడిపోతుంది చూడవే, పందెం!" అంది పిడుగు, మాస్టారు ఆ నీలి ద్రవాన్ని అయస్కాంతం మీద పోయబోతుంటే.

పడలేదు.

కాగితం మీద జంటలన్నీ కుదిరాయి. అయస్కాంతం ఒప్పుకోలేదు.

మాస్టారు నవ్వి బోర్డు మీద ఎలక్ట్రాన్లు ఉండే గదులు గీశారు. కింద బంధాన్ని కట్టే గదులు, పైన బంధాన్ని విడదీసే గదులు. ఆ పై అంతస్తులో, పక్కపక్క గదుల్లో, ఒంటరిగా రెండు ఎలక్ట్రాన్లు.

"మనమేనే!" అని పిడుగు ఒకటే గోల.

ఎంత నవ్వారో ఆ రోజుల్లో...

ఆ నవ్వుల్లోనే పిడుగు ఆమెను "వదినా" అనడం మొదలుపెట్టింది. తన అన్నయ్యకు చేసుకోవాలని. ఆ పెళ్లి ఆమెకు ఇష్టం లేదు. పిడుగును వదులుకోలేక నవ్వేది. నవ్వి నవ్వి, చివరికి ఒకరోజు కాదంది.

పిడుగు మాట్లాడటం మానేసింది. ఏళ్లు గడిచాయి.

ఏటా పిల్లలకు ఆమె అదే పాఠం చెబుతుంది. నైట్రోజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసేస్తే బంధం సడలుతుంది. ఆక్సిజన్ నుంచి తీసేస్తే బంధం బిగుస్తుంది — ఆ పరమాణువులు రెండూ ఇంకాస్త దగ్గరికి జరుగుతాయి.

చెప్పిన ప్రతిసారీ లోపల అదే ప్రశ్న. మేం నైట్రోజనా? ఆక్సిజనా?

ఈరోజు వైవా. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చింది.

పిడుగు.

జుట్టు నెరిసింది. గొంతు నెరవలేదు.

"నమస్తే మేడమ్," అంది, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు. లెక్చరరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం ఓ పిల్ల తడబడింది. "ఎలక్ట్రాన్ పోతే బంధం బలహీనపడుతుంది మేడమ్..."

పిడుగు కసురుకోలేదు.

"ఏం పోయిందని కాదమ్మా. ఎక్కణ్ణుంచి పోయిందో చూడాలి. పై గదిలోంచి పోతే... బిగుస్తుంది."

ఆ చివరి మాట పిల్లను చూసి అనలేదు.

వైవా అయ్యాక పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఏటా చూపించేదే. ఆమె ఫ్లాస్కు ఎత్తింది. అయస్కాంతం మీదికి వంచబోయింది.

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు.

నీలం ఒలికింది.

"పడిపోతుంది చూడవే..."

చెవి పక్కనే, ఆ పాత గొంతు.

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే కళ్లు అంతా చెప్పేస్తాయి.

రెండు కొనల మధ్య, పడకుండా, పొగలు కక్కుతూ, ఆవిరైపోయేలోపు...

లేత నీలం.