కప్పు లేని సాసరు చదివిన ఎకనామిక్స్

నేను ఒక సాసరుని. ఆత్మకథ అన్నాక పుట్టుకతో మొదలుపెట్టడం పద్ధతే గానీ, ముందు మా కప్పు సంగతి తేల్చాలి. ఇద్దరం ఒకే బట్టీలో కాలాం. ఇద్దరి ఒంటి మీదా ఒకటే గులాబీ పువ్వు. అయినా లోకంలో ఎక్కడ చూసినా వేడి టీ కప్పుకి, ఒలికింది సాసరుకి. పోనీ ఆ ఒలికిందైనా నాకు దక్కిందా? ఉత్తరాది నుంచి గడ్డి సర్దిన పెట్టెలో రాజమండ్రి చేరేసరికి మా కప్పు చెవి విరగ్గొట్టుకుని కూర్చుంది. చెవి లేని కప్పుని ఎవరూ కొనరు. కప్పు లేని సాసరుని కన్నెత్తి కూడా చూడరు. తను పోతూ పోతూ నా ఉద్యోగం కూడా పట్టుకుపోయింది.

మమ్మల్ని తెప్పించినవారు గున్నేశ్వర్రావు గారు. ఆయనది పింగాణీ, గాజు సామాన్ల కొట్టు. మా గులాబీకి సరిపడే కప్పులు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో, జత పోయిన సాసర్లన్నిటినీ కొట్టులో అటకెక్కించారు. వచ్చిన ప్రతి పెట్టెలోనూ కప్పులు విరిగేవి, మేం మిగిలేవాళ్లం. అటక మీద మా సంఘం బాగా పెరిగింది. కప్పులు మాత్రం దొరకలేదు.

వాటిల్లోంచి నన్నొక్కదాన్నీ ఆయన భార్య లలిత ఇంటికి తెచ్చుకుని పెరుగు గిన్నె మీద మూత చేసింది. పెద్ద హోదా కాకపోయినా మంచి చోటు. ఆ ఇంట్లో అసలు మాటలన్నీ పెరుగన్నం దగ్గరే వస్తాయి. పప్పూ కూరా తినేటప్పుడు ఎవరూ నోరెత్తరు.

వాళ్లకి ఒక్కతే కూతురు, లహరి. ఊళ్లోనే యూనివర్సిటీలో బి.ఏ. ఎకనామిక్స్‌లో చేరింది. మొదటి సెమిస్టరు మైక్రో, రెండోది మాక్రో. గున్నేశ్వర్రావు గారికి ఇది మొదట్నించీ మింగుడు పడలేదు.

“రేటు పెంచితే కొనరు, తగ్గిస్తే ఎగబడతారు. అంతే కదమ్మా! ఇది చెప్పడానికి మూడేళ్లూ, ఒక బస్సు పాసూనా? పొద్దున్నే వచ్చి కొట్లో కూర్చో, మధ్యాహ్నానికి డిగ్రీ ఇచ్చేస్తాను.”

“అది మొదటి పేజీ నాన్నా. తర్వాత ఇంకా ఉంది.”

“తర్వాతేముంటుంది? అరువు.”

దసరా సెలవుల ముందు కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష పెట్టారు. లహరికి మార్కులు సగం కూడా రాలేదు. పాఠం రాక కాదు, గీత రాక. ఉదాసీనతా రేఖ అని ఒకటుంటుంది. రెండిడ్లీ మూడు గారెలైనా, నాలుగిడ్లీ ఒక గారె అయినా మనిషికి అంతే తృప్తి అనుకోండి, అలాంటి జతలన్నిటినీ కలుపుతూ గీసే వంపు గీత అది. దానికి పైన గీసే గీత ఇంకాస్త ఎక్కువ తృప్తి. ఈ రెండు గీతలూ ఎప్పుడూ ఒకదాన్నొకటి కోసుకోకూడదు. కోసుకుంటే ఎక్కువ తృప్తీ తక్కువ తృప్తీ ఒకటేనని ఒప్పుకున్నట్టు. లహరి చేతిలో అవి మూడుచోట్ల కోసుకున్నాయి. ఆ పిల్ల చెయ్యి వంపు తిప్పడం మొదలుపెడితే జంతికలు చుట్టినట్టే. పేపరు దిద్దిన అరుంధతి మేడం పక్కన ఎర్ర సిరాతో ‘ఇవి రేఖలా, రైల్వే జంక్షనా?’ అని రాసింది.

ఆ పేపరు గున్నేశ్వర్రావు గారి కంట పడింది. పెరుగు వేసుకుంటూ తీర్పు చెప్పారు. “సెమిస్టర్లో కూడా ఇలాగే వస్తే బీకాంలోకి మారిపోవాలి. నేను మాట్లాడి ఉంచాను. ఎకౌంట్లు రాయడానికి గీతలక్కర్లేదు.”

లహరి కళ్లు పెరుగు గిన్నె పక్కన పెట్టిన నా మీద నిలిచాయి. నాన్నగారు చెయ్యి కడుక్కోవడానికి లేవగానే నన్ను తీసి పరుగెత్తింది.

“ఒసేయ్, పెరుగు మీద మూత ఏదే?” అని లలిత కేక.

“వేరే మూత పెట్టుకో అమ్మా, దీనికి ఉద్యోగం వచ్చింది!”

కాగితం మీద నన్ను బోర్లించి, ఎడమచేత్తో అదిమి, నా కింది అంచు వెంబడి పెన్సిలు లాగింది. నున్నటి వంపు. నన్ను మూలగా కొంచెం పైకి జరిపి ఇంకొకటి లాగింది. రెండూ ఎక్కడా తగల్లేదు. పువ్వేసిన మొహం కాగితానికి ఆనించి పడుకున్నా, ఆ రాత్రి నాకు తల ఎత్తుకున్నట్టే ఉంది. నోట్సుకి పులిసిన పెరుగు వాసన పట్టిందంటే అది నా తప్పు కాదు.

క్లాసులో లహరి ఒక్కతే జంతికలు చుట్టేది కాదని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే అమ్మాయిలు మూగారు. మాక్కావాలంటే మాక్కావాలన్నారు. లహరి చెప్పగా గున్నేశ్వర్రావు గారు అటక మీద నుంచి దింపి సాసరు పది రూపాయలకి ఇచ్చారు. ఒక్క సాయంత్రంలో ఒక వరస ఖాళీ అయింది. ఆ రోజు పెరుగన్నం దగ్గర ఆయన మొహం చూడాలి! మా కప్పు బతికొచ్చినా అంత వెలిగేది కాదు.

“రేపట్నించి నలభై,” అన్నారు.

లహరి ముద్ద ఆపింది. “వద్దు నాన్నా.”

“పరీక్షలు దగ్గరికొచ్చాయి. అవసరం వాళ్లది, సరుకు మనది. ఊళ్లో కప్పుల్లేని సాసర్లు ఇంకెవరి దగ్గరున్నాయి చెప్పు?”

“వాళ్లక్కావలసింది సాసరు కాదు నాన్నా, గుండ్రటి అంచు. అది దేనికైనా ఉంటుంది. ఇలా బదులు దొరికే వస్తువుకి రేటు పెంచితే జనం వెంటనే పక్కకి జరుగుతారు. మాకు పాఠమే ఉంది.”

“పాఠం నీది, కొట్టు నాది.” అంతటితో ఆగలేదు. బెజవాడ హోల్‌సేల్ వ్యాపారికి ఫోను చేసి, జత పోయిన సాసర్లుంటే ఇంకో పెట్టె పంపమన్నారు. అవతల మనిషి రెండుసార్లు అడిగాడు, సాసర్లేనా, కప్పులొద్దా అని. ఉచితంగా వదిలించుకోవాల్సినవాటికి డబ్బులిస్తామంటే ఎవరికి మాత్రం నమ్మకం కుదురుతుంది?

పెట్టె వచ్చింది. అమ్మాయిలు రాలేదు. వారం తిరిగినా రాలేదు.

ఎందుకు రాలేదో పరీక్ష హాల్లో నా కళ్లతో చూశాను. ముందు బెంచీలో స్టీలు టిఫిను మూత, పక్క బెంచీలో మాత్రల సీసా మూత, ఆ వెనక ఒకమ్మాయి చేతి గాజు. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి, ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు. పింగాణీ సాసర్లం పది పన్నెండు మందిమే ఉన్నాం.

ఇన్విజిలేటరు నన్నెత్తి వెనకా ముందూ చూశాడు. అడుగున బట్టీ వాడి ముద్ర ఉంటే కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాడు. “ఏంటమ్మా ఇది?”

“సాసరండి.”

“ఇక్కడ టీ ఇవ్వరు.”

“గీతకండి సార్.”

హాలంతా చూసి నిట్టూర్చి, నన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. లహరి నాతో రెండు రేఖలు గీసింది. అవి కోసుకోలేదు. తర్వాతి ప్రశ్న చదివి తనలో తనే నవ్వుకుంది. నన్ను పక్కకి నెట్టి చాలాసేపు రాసింది.

ఫలితాలు వచ్చేసరికి నేను పాత ఉద్యోగంలోకి వచ్చేశాను. రెండో సెమిస్టరు మాక్రో. మైక్రో అంటే ఒక్క సాసరు గొడవ, మాక్రో అంటే ఊళ్లో సాసర్లన్నిటి గొడవ. గొడవ పెద్దదే గానీ ఇప్పటిదాకా చెప్పిన పాఠాల్లో గీతలన్నీ తిన్ననివేనట, స్కేలు చాలట. సరే, పెరుగుకి నేను చాలు.

“మైక్రోలో డెబ్బై ఎనిమిది నాన్నా,” అంది లహరి, పెరుగు వడ్డిస్తున్నప్పుడు.

గున్నేశ్వర్రావు గారు తలూపారు. బీకాం మాట ఎత్తలేదు, అలాగని వదిలేశాననీ అనలేదు. అన్నం కలుపుతూ అడిగారు. “పెద్ద ప్రశ్న ఏమొచ్చింది?”

“రేటు మారితే గిరాకీ ఎంత మారుతుందో ఉదాహరణతో రాయమన్నారు.”

“ఏం రాశావు?”

“సాసర్ల సంగతి రాశాను.”

ఆయన అన్నం కలపడం ఆపారు. “కొట్టు పేరు రాశావా?”

“లేదు నాన్నా. ‘ఒక వర్తకుడు’ అని రాశాను.”

లలిత నన్ను చేతిలోకి తీసుకుంది. “ఏవండీ, గిన్నె మీద పది రూపాయల మూత పెట్టనా, నలభై రూపాయలదా? కొట్లో రెండు రకాలూ దండిగా ఉన్నాయిగా!”

ఆయన పెరుగన్నంలోకి చూస్తూ ఏదో గొణిగారు.

“ఏమిటండీ? మిక్సీ మోతలో వినపడలేదు,” అంది లలిత. మిక్సీ ఆగి చాలాసేపయింది.

“రేటు పెంచితే కొనరని నాకు తెలుసన్నానే, తెలీదు! పిల్ల చెబితే వినలేదు! అది ఎకనామిక్సే చదువుకుంటుంది. తప్పు నాదే అంటున్నాను, వినపడిందా?” అని గున్నేశ్వర్రావు గారు వీధిలోకి వినపడేటట్టు అరిచారు.