కాసులమ్మ పొయ్యికి మూడో రాయి

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో ఉండే కాసులమ్మకి గ్యాసు పొయ్యి లేకపోలేదు. అది టీకి, పాలకి. చేపల పులుసు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద ఉడకాల్సిందే. ఆ పులుసు వాసనకి గూడ్సు బండ్లు పచ్చ సిగ్నలు ఉన్నా ఆగిపోయేవి. డ్రైవర్లు గిన్నెలు పట్టుకుని దిగేవారు.

ఆ పొయ్యికి రెండు రాళ్ళు ఇనపవి. మూడోది ఇటుక.

ఇనపవి రెండూ కోడలు హరిచందన ఓడల యార్డులో ఉద్యోగం కోసం వెళ్ళిన వెల్డింగు టెస్టులో ఫెయిలైన ప్లేట్లు. రెండు ఇనప ముక్కలు అతికించి ఇస్తే, చల్లారాక ప్రెస్సులో పెట్టి లాడంలా వంచుతారు. అతుకు పగలకపోతే పాసు. ఆ ప్లేటు యార్డు ఆఫీసు బీరువాలో హాయిగా పడుకుంటుంది. పగిలితే ఫెయిలు. అలాంటి ప్లేటు, ఫెయిలైన ప్లేట్లన్నిటిలాగే, తన రెండు కొసల మీదా నిలబడి టక్కు టక్కుమని నడుచుకుంటూ చేసినవాళ్ళింటికి వచ్చేస్తుంది. మొదటిది వచ్చిన రోజు పక్కింటి గౌరీశ్వరి గోడ మీంచి కేకేసింది.

"హరీ, మీ ప్లేటు సందు మొగలో ఆగిపోనాదే. కుక్క అడ్డంగా తొంగున్నాది. ఎల్లి తెచ్చుకో."

మూడో టెస్టు శనివారం. అదీ పోతే ఏడాది దాకా యార్డు గేటు దాటనివ్వరు, సోమవారం నుంచి మళ్ళీ రొయ్యల కంపెనీకే. హరిచందన ఆరేళ్ళు అక్కడ ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచింది. ఒలిచిన రొయ్యల్ని వరసగా పేరిస్తే ఎలమంచిలి వెళ్ళి తిరిగి రావచ్చు. వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఇంకో ఏడాది ఐసులో పెడితే జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేవని డాక్టరు చెప్పేశాడు.

శుక్రవారం సాయంత్రం హరిచందన పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ కూర్చుంది.

"ఏటే, పులుసు కలపమంటే సముద్రాన్ని సిలికేత్తన్నావు? రేపటి గురించేనా?"

"కాదత్తా."

"అబద్ధం. నీ గుండె సప్పుడికి రైలొచ్చినాదేమో అనుకున్నాను. మూడోది వచ్చినా నష్టమేటి లేదులే. ఈ ఇటక పీకేసి దాన్నెడతాను. పొయ్యి కుదురుగా ఉంటాది."

"అత్తా! అలాగనకు."

ఆ మాట ఇటుక విన్నట్టే ఉంది. పుసుక్కున విరిగింది. కుండ ఒరిగింది. పులుసు పెరడంతా వరదై పారి, మురిక్కాలువ దాటి, చేపల్ని మళ్ళీ సముద్రానికే పంపించేసినంత పని చేసింది.

అత్త తిట్లు నాలుగు సందులు దాటుతుంటే హరిచందన నిప్పు ఆర్పి, చల్లారిన ప్లేట్లు రెండూ తీసి కొబ్బరి పీచుతో తోమింది. అవి ఇంటికొచ్చిన రోజున మొహం తిప్పుకుని అత్త చేతిలో పెట్టిందే తప్ప, ఇన్నాళ్ళూ సరిగ్గా చూసిందే లేదు. మసి పోయింది. పగుళ్ళు కనిపించాయి.

"అత్తా, రెండూ ఒక్క సోటే పగిలినాయి. సరిగ్గా మజ్జన."

"అక్కడేటి సేత్తావు?"

హరిచందన ఉత్త చేత్తో గాలిలో వెల్డింగు చేసి చూసుకుంది. మధ్యకి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"అక్కడ రాడ్డు మారుత్తాను. పాత రాడ్డు అయిపోయిన సోట నల్ల పెచ్చు కడతాది. సుత్తితో కొట్టి, బ్రష్షుతో రుద్ది, అప్పుడు కొత్త రాడ్డు పెట్టాల."

"మరి కొట్టినావా?"

హరిచందన పగులు మీద వేలితో రాసి చూసింది.

"ఆగాలంటే బయమత్తా. రొయ్యల కాడ సెయ్యాగితే ఈల ఊదేత్తారు."

"ఇక్కడ ఈల ఊదేవోడెవుడే?"

ఎవడూ లేడు.

శనివారం పొద్దున్న హరిచందన బయల్దేరితే ప్లేట్లు రెండూ వెనకాలే వచ్చి బస్సెక్కాయి. "ఆడోలకి టికెట్టు లేదు గానీ ఈ ఇనపోలకేటి కొట్టమంటావు?" అన్నాడు కండక్టరు. యార్డులో ఇన్స్పెక్టరు రమణమూర్తి, "పాతవి కూడా వచ్చాయా? కాస్త పక్కన నిలబెట్టండమ్మా, వైర్లు తొక్కేస్తాయి" అన్నాడు.

మొదటి రాడ్డు మధ్య దాకా వచ్చి అయిపోయింది. చుట్టుపక్కల తొమ్మిది మంది రాడ్లు చిటపటలాడుతూనే ఉన్నాయి. హరిచందన వీపు మీద చెమట వాగులా పారింది. చెవుల్లో ఈల మోగింది. చెయ్యి దానంతటదే కొత్త రాడ్డు అందుకుని ప్లేటు మీదికి వెళ్ళిపోతోంది.

టక్కు, అంది ఒక ప్లేటు.

టక్కు, అంది రెండోది.

చెయ్యి ఆగింది. రాడ్డు పక్కన పెట్టి సుత్తి తీసింది. కొట్టింది. రుద్దింది. ఇంకా మచ్చ కనిపిస్తే మళ్ళీ కొట్టింది. ఆ నిమిషం ఎంత పొడుగు సాగిందంటే, ఈలోగా పోర్టుకి ఓ ఓడ వచ్చి, బొగ్గంతా దించి, తిరిగి వెళ్ళిపోయింది. పెచ్చు పోయి ఇనుము తెల్లగా మెరిశాకే రాడ్డు పెట్టింది.

"చల్లారాక వంచుతాం. పాసైతే సాయంత్రం ఫోను చేస్తాం" అన్నాడు రమణమూర్తి.

"ఫెయిలైతే, సార్?"

"ఫెయిలైతే మేం చెప్పక్కర్లేదు కదమ్మా."

మొదటి రెండూ తమ తమ టెస్టు రోజుల్లో ఐదింటికల్లా ఇంటికి వచ్చేశాయి. నాలుగున్నరకే కాసులమ్మ విరిగిన ఇటుక తీసి పారేసి, మూడో రాయి చోటు తుడిచి, వంజరం ముక్కలు కడిగి కూర్చుంది. హరిచందనతో పాటే తిరిగొచ్చిన పాత ప్లేట్లు రెండూ గుమ్మంలో నిలబడి సందు వైపు చూస్తున్నాయి. హరిచందన వాటి వెనకాల నిలబడింది.

ఐదు. ఐదున్నర. సందులో టంగుమని చప్పుడైంది. హరిచందన కళ్ళు మూసుకుంది.

"గేసు బండోడే హరీ!" గోడ మీంచి గౌరీశ్వరి.

ఆరు. వీధి దీపం వెలిగింది. ప్లేట్లు రెండూ వెనక్కి తిరిగి, టక్కు టక్కుమంటూ ఇంట్లోంచి పెరట్లోకి నడిచి, పొయ్యి దగ్గర ఎవరి చోట్లో అవి నిలబడ్డాయి.

కాసులమ్మ ఖాళీగా ఉన్న మూడో చోటు వైపు చూసింది.

"సూసినావా, నా పొయ్యికి రాయి లేకుండా సేసినావు" అని తిట్టుకుంటూ, పారేసిన ఇటుక ముక్కే వెతికి తెచ్చి పెట్టింది. కుండ ఎక్కించింది. అది వెంటనే ఒక పక్కకి ఒరిగింది. హరిచందన ఒరగకుండా పట్టుకుంది.

ఇంట్లో ఫోను మోగింది.

"ఎత్తవేటే?"

"కుండ పట్టుకున్నాను కదత్తా. వదిల్తే ఒరిగిపోద్ది."

"అయితే మోగనీ" అంది కాసులమ్మ, ఊదుగొట్టం అందుకుని.