మగ్గాల మీది మూడు వందల ఇరవై రెండు

కుంకుమ కీబోర్డులోకి రాలితే ముందు ఏ అక్షరం చస్తుందో అని చూస్తున్నాను, హనుమంతు మామ మాత్రం నా లాప్‌టాప్‌కి మూడో బొట్టు పెట్టి నాలుగోదానికి జాగా వెతుకుతున్నాడు, ఈయన మా ఊరి చేనేత సంఘానికి అధ్యక్షుడు, కొత్త ట్రాక్టరుకి ఎట్లా పూజ చేస్తారో దీనికీ అట్లాగే చేస్తున్నాడు, కింద నిమ్మకాయలు పెట్టలేదు కదా అని వంగి చూశాను, పెట్టాడు, చక్రాలు లేవు కాబట్టి రెండు మూలల కింద, సరే, ఇంకో యాభై నిమిషాలు, పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి, పంతులు తీసిన ముహూర్తానికి, నల్లగొండ నుంచి వచ్చే పెద్దాఫీసరు మీట నొక్కాలి, నొక్కితే మా సంఘం చీరలమ్మే వెబ్‌సైట్ లోకానికి తెరుచుకోవాలి, ఇవాళ చేనేత దినోత్సవం, దీన్ని తొమ్మిది రోజుల్లో కట్టాను, ఎన్ని రోజులు కావాలె బిడ్డా అని మామ అడిగితే తొమ్మిది చాలు అన్నాను, ఎందుకంటే తొమ్మిదే ఉన్నాయి, రెండో రోజు ఎంతదాంక వచ్చింది అంటే తొంభై శాతం అయింది మామా అన్నాను, అప్పటికి మొదటి పేజీలో సంఘం పేరు ఉంది, అదీ వంకరగా, ముందు వరసలో అమ్మ, పెళ్లికి కట్టే చీర కట్టుకొచ్చి, పక్కావిడకి చెప్తోంది, మా హారికది ఇంటి నుంచే పనమ్మా, కంపెనీవాళ్లు ఇడిచిపెడ్తనే లేరు, కంపెనీ నన్ను మార్చిలోనే ఇడిచిపెట్టింది, పదకొండు నిమిషాల వీడియో కాల్‌లో, అమ్మకి ఆ సంగతి తెలుసు, కానీ అమ్మ చెప్పేదే బాగుంటుంది, నేనూ కొన్నిసార్లు అదే నమ్ముతాను, ఈ సైటు నడిస్తే పక్క ఊళ్ల సంఘాల పని కూడా నాకే ఇప్పిస్తానని మామ మాట, నడవకపోతే నేను ఐదు నెలలుగా ఇంట్లో ఎందుకున్నానో ఈ హాల్లో ఉన్న అందరికీ ఒకేసారి తెలుస్తుంది, మైకు కూడా ఉంది.

చీరలు తెచ్చి స్టేజీ మీద పరవుండ్రి, సారుకు కనబడాలె, అన్నాడు మామ ఫోను చెవి నుంచి తీయకుండానే, సారు నార్కట్‌పల్లిల ఇడ్లీ తింటున్నడంట, చట్నీ ఇంకోసారి పోయించుకున్నడంట, అని కూడా చెప్పాడు, అమృతమ్మత్త సంఘం బీరువా తెరిచింది, మా వాడలో అందరికంటే సన్నగా నేసే మనిషి ఈమె, చీరలు రెండు చేతుల మీద వేసుకుని తెచ్చింది, ఒక్కసారే తెచ్చింది, లెక్కపెట్టాను, పదకొండు, మిగతావి ఎక్కడత్తా అన్నాను, మిగతాయేంది అంది, సైటులో మూడు వందల ఇరవై రెండు పెట్టాను కదా, ఆఁ ఉన్నయి గద, ఎక్కడ, మగ్గాల మీద, అంది, అన్నం ఎక్కడుంది అని అడిగిన పిల్లకి కుండల అని చెప్పినట్టు.

మగ్గాల మీద, నా వీపు మీద చెమట ఒక్క చుక్క నడుం దాకా నిదానంగా దిగింది, నలభై ఆరు ఇళ్లకి నలభై ఆరు కాగితాలు పంచాను, మీ దగ్గర ఎన్ని చీరలున్నాయి అని ఒకటే ప్రశ్న, మూడో రోజుకల్లా అన్నీ తిరిగొచ్చాయి, అన్నిట్లోనూ ఏడు, ఒక్క కొట్టివేత లేదు, ఖాళీ లేదు, నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో, మూడేళ్ల ఉద్యోగంలో ఇంత శుభ్రమైన లెక్క చూడలేదని మురిసిపోయి చాయ్ తాగాను, ఒక వార్పుకి, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారాలకి, ఏడు చీరలు, ఆ పడుగు మగ్గానికి ఎక్కిందంటే ఏడు చీరలే, ఇది నాకు తెలియదా, పుట్టినప్పటి నుంచి తెలుసు, కానీ అమ్మ నన్ను మగ్గం గుంతలో కాలు పెట్టనివ్వలేదు, ఇంజినీరు కాలు అని, తెలిసిన సంగతి అక్కడే ఆ గుంత గట్టు మీదే ఉండిపోయింది, మరి ఈ పదకొండు ఎవరి కాగితంలో ఉన్నాయత్తా అంటే, అవెందుకు రాస్తరు, అవి మగ్గం మీంచి కోసినయి గద, కోసి సంఘానికి ఇచ్చినంక మాయెట్లయితయి, అంది, అంటే సైటులో ఉన్న చీరలు బీరువాలో లేవు, బీరువాలో ఉన్న చీరలు సైటులో లేవు, పది ముప్పై ఐదు.

బాపు వెనక వరసలో, తలుపు పక్కన, ఇస్త్రీ చొక్కా నలుగుతుందని వీపు ఆనించకుండా కూర్చున్నాడు, బయటికి తీసుకుపోయాను, బాపూ నువ్వు ఏడు రాశావు, రాసిన, ఎన్ని నేశావు, రెండోది సగం దాంక వచ్చింది, మరి ఏడెట్లా ఉంటాయి, బాపు నన్ను చూసిన చూపులో కోపం లేదు, ఇన్ని ఫీజులు కట్టి ఎవరికి చదువు చెప్పించాను అన్న చిన్న అనుమానం ఉంది, పడుగెక్కినంక చీర లేదంటరా, ఏడో నెల మనిషిని పట్టుకొని నీకు పిల్లలు లేరు అంటవా, కొనేవాళ్లకి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామని రాసి ఉంది బాపూ, ఎవరు రాసిండ్రు, నేనే, ఎవరినడిగి రాసినవు, ఎవరినీ అడగలేదు, అన్ని సైట్లలో ఉంటుంది, లేకపోతే బోసిగా కనబడుతుందని పెట్టాను, బాపు చొక్కా సర్దుకుని లోపలికి పోయాడు.

ఏం చేయాలి, ఏడుల బదులు సున్నాలు పెడితే ఖాళీ దుకాణానికి కొబ్బరికాయ కొట్టినట్టు, సర్వర్ మొరాయించింది అనొచ్చు, ఈ మాటకి ఎదురడిగే మనిషి జిల్లాలో లేడు, మామే నలుగురికి సర్దిచెప్తాడు పైన ఏదో ప్రాబ్లమంట అని, లేదా ఇట్లాగే వదిలేయొచ్చు, సారు నొక్కుతాడు, చప్పట్లు కొడతారు, రేపు పుణెలోనో చెన్నైలోనో ఎవరో తల్లి కూతురి నిశ్చితార్థానికి బాపు చీర కొంటుంది, మూడో రోజు ఫోను చేస్తుంది, పదో రోజు తిడుతుంది, సంఘం పేరు పట్టుకుని తిడుతుంది, నలభై ఏళ్లలో ఎవరికీ చిల్లు చీర ఇవ్వని మనుషులు నా రెండు రోజుల్లో అనే మాటకి దొంగలవుతారు, పది నలభై ఏడు, ఇడ్లీ అయిపోయిందంట, బండి ఎక్కిండంట, అంటున్నాడు మామ, ఎవరూ నన్ను పిలవలేదు, నేనే పోయి మైకు పట్టుకున్నాను, అది కుయ్యిమంది, అమ్మ కొంగు సర్దుకుంది, కూతురు ఉపన్యాసం ఇస్తుందని.

తప్పు చేశాను అన్నాను, ఎన్ని ఉన్నాయో అడిగాను, ఎప్పుడు కోస్తారో అడగలేదు, ఇప్పుడు చెప్పండి, నలభై ఆరు మందీ, చెప్పింది చెప్పినట్టు ఇక్కడే ఎక్కిస్తాను, మామ ఫోను దించి అన్నాడు, గిప్పుడా, ముహూర్తం ముందట పెట్టుకొనా, దాటనీ మామా, ఊరికే దాటదు బిడ్డా, సారును గూడ ఎంబడి తీస్కపోతది, అమృతమ్మత్త అప్పటికే లేచింది, రాసుకో, శుక్రవారం ఒకటి, ఆ పై బుధవారం ఒకటి, నడుమ అమాస పడ్డది, అమాస నాడు మగ్గం ముట్టం, ఆ దినం తీసెయ్యి, తర్వాత ఇంకొకరు, రాఖీ పున్నం దాటినంక రెండు, వినాయక చవితి లోపట మూడు, ఒకాయన, నా బిడ్డ పురుటికొచ్చింది, నాలుగు దినాలు ఎక్కువ రాయి, ఎవరూ వేళ్లు మడవలేదు, ఎవరూ ఆలోచించలేదు, ఎన్ని ఉన్నాయి అనే గడి తీసేసి తేదీ గడి పెట్టాను, రెండు రోజుల్లో అనే వాక్యం చెరిపేశాను, పదకొండూ పన్నెండు వచ్చింది, పోయింది, పంతులు గోడ గడియారం వంక చూసి ఇంకో ఇరవై నిమిషాలు కూడా మంచియే అన్నాడు, సారు వచ్చాడు, దండ వేయించుకున్నాడు, బాపు చివర లేచాడు, సోమవారం ఒకటి, పై ఆదివారం ఒకటి, అని, కూర్చోబోయి ఆగాడు, మరి నీదెన్నడైతది బిడ్డా, అన్నాడు, ఎగతాళి లేదు, వరసలో అందరినీ అడిగినట్టే అడిగాడు, అయిపోయింది అనబోయాను, నాలుక చివరి దాకా వచ్చింది, ఉద్యోగంలో ప్రతి సోమవారం చెప్పిన మాట, తొంభై శాతం, దాదాపు, అయిపోయినట్టే, మూడేళ్లు చెప్పాను, తొమ్మిది రోజులు చెప్పాను, సారు చేయి మీట మీద ఉంది, హాలంతా నా వైపు చూస్తోంది, లేని చీరలు రాసింది వీళ్లే అని కదా అనుకున్నాను ఇందాక, వీళ్లలో ఒక్కొక్కరికీ తమ చీర ఏ రోజు తెగుతుందో అమావాస్యతో సహా తెలుసు, తన పని ఎప్పటికి అవుతుందో తెలియకుండా అమ్ముతూ వచ్చిన మనిషి ఈ హాల్లో ఒక్కతే ఉంది, ఆమె చేతిలో మైకుంది.