తిరగని గుడ్లు

రాజోలిలో కొక్కెర రోగం వచ్చి వారం తిరక్కముందే భాగ్యమ్మ కోళ్లన్నీ పోయాయి. రోగానికి ముందు ఏరి దాచిన ఇరవై నాలుగు గుడ్లే ఆమెకు మిగిలిన విత్తనం. పొదగడానికి పెట్ట ఒక్కటీ లేదు. అందుకే వాటిని సాయమ్మ ఇంటికి తెచ్చింది. సాయమ్మ మనవరాలు మానస వనపర్తిలో చదువుతూ సొంతంగా తయారుచేసిన పొదుగు యంత్రం అక్కడ ఉంది.

"మా అత్త కాలం నుంచి వస్తున్న జాతి బిడ్డా. నీ చేతిల పెడుతున్న," అంది భాగ్యమ్మ, సెలవులకు ఇంటికొచ్చిన మానసతో.

"పరేషాన్ గాకు పెద్దమ్మా. మూడు గంటలకోపారి అదే దొర్లిస్తది."

సాయమ్మకు నమ్మకం కుదరలేదు. ప్రతి గుడ్డుకూ ఒక పక్క బొగ్గుతో చుక్క పెట్టింది. దొర్లించకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుందని ఆమెకు తెలుసు.

పదో రోజు పొద్దున కరెంటు పోయింది. ఉన్న బ్యాటరీ అంతా వేడికే దక్కాలని, కరెంటు పోగానే లోపలి చిన్న కంప్యూటర్ నిద్రపోయేట్టు మానస ప్రోగ్రాం రాసిపెట్టింది. గంటకు కరెంటు వచ్చింది, కంప్యూటర్ లేచింది. తెర మీద టైము సరిగ్గానే ఉంది.

మర్నాడు సాయంత్రం సాయమ్మ కేకేసింది.

"నిన్నటి సంది చుక్కలన్నీ పైకే ఉన్నయే!"

"టైము కరెక్టే చూపిస్తుంది గదవ్వా. నువ్వు చూసినప్పుడే పైకొచ్చి ఉంటయ్."

"ఆరుసార్లు చూసిన. గడియారం నడిస్తే గుడ్లు దొర్లుతయా ఏంది?"

మానస నవ్వబోయి ఆగిపోయింది. ఇద్దరూ ముందు గుడ్లన్నిటినీ చేత్తో తిప్పారు. తర్వాత మానస ల్యాప్‌టాప్ తెరిచి, తను రాసింది మొదటినుంచి చదివింది.

టైము చూపే గడియారం నిద్రలోనూ నడుస్తుంది. మూడు గంటలు లెక్కపెట్టి మోటారును కదిపే టైమరు వేరు. కంప్యూటర్ నిద్రపోతే దాని లెక్క చెరిగిపోతుంది. లేవగానే మళ్లీ లెక్క ఎక్కించి, నడవమని చెప్పాలి. ఆ మాట ఆమె మొదటిసారి స్విచ్ వేసేచోట రాసింది, నిద్ర లేచేచోట రాయలేదు. కాలేజీలో పరీక్షించినప్పుడల్లా ప్లగ్గూ బ్యాటరీ రెండూ పీకి మొదటినుంచే వేసింది. ఒక్కసారీ నిద్రపుచ్చి లేపి చూడలేదు.

"లేపినోళ్లు పొద్దెంతైందో చెప్పిన్రు గానీ, పొయ్యి మీద ఎసరు పెట్టింది యాది చెయ్యలే. గంతేనా?" అంది సాయమ్మ.

"గంతే అవ్వా."

రాయాల్సింది రాసి, మూడుసార్లు నిద్రపుచ్చి లేపింది. మూడుసార్లూ మోటారు తిరిగింది.

కబురందుకుని భాగ్యమ్మ వచ్చింది. కిటికీకి బొంత కట్టి, సెల్లు లైటు మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూశారు. పదిహేనింటిలో ఎర్రటి నరాలు కనిపించాయి, లోపల ఏదో మెదిలింది. తొమ్మిదింటిలో కదలిక లేదు.

"కరెంటోళ్ల నోట్ల మన్నువడ!" అంది భాగ్యమ్మ.

అక్కడితో వదిలేస్తే ఎవరూ అడగరు. సాయమ్మ కూడా మనవరాలి మొహంలోకి చూడలేదు.

"కరెంటు వచ్చినంకనే చెడింది పెద్దమ్మా," అంది మానస. "మళ్ల తిప్పమని మిషన్‌కు చెప్పుడు నేను మరిచిన. తప్పు నాదే."

భాగ్యమ్మ చచ్చిన తొమ్మిదింటినీ కొంగులో మూటగట్టుకుంది.

"సాయక్కా, మిగిలిన దినాలు నువ్వే చేత్తోని తిప్పు. జర పుణ్యముంటది."

ఇప్పుడు సరిచేశానని చెప్పాలనుకుంది మానస. కానీ వంగి, మోటారు తీగను తనే ఊడదీసింది.